పెనుకొండ దాటినా

మా ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటి ఉంది. దాని బ్రౌజర్‌లో పైన కుడివైపు మూలన గోరంత రైలింజను బొమ్మ ఉండేది. ఏ వెబ్ పేజీ తెరిచినా ఆ బొమ్మ కింద చిన్న పట్టీ దిగేది. పేజీ కోసం అడగ్గానే "ధర్మవరంలో ఎక్కినా" అనేది. ఆ తర్వాత "పెనుకొండ దాటినా" అనేది, మా సీమ మాటలో దాటాను అని. ధర్మవరానికీ మా హిందూపురానికీ నడుమ స్టేషన్ అది. పేజీ మొత్తం వచ్చేశాక "హిందూపురం వచ్చినా, తలుపు తీ" అనేది. దాన్ని తయారుచేసింది మా బావ. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ బావ, ఆయన్నే పెళ్ళి చేసుకున్నాక కూడా నా నోటికి బావే. ఆయన పోయాక కూడా ఆ పట్టీ రోజూ దిగుతూనే ఉండేది.

మా పని సంగతి చెప్పాలి. ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ళకు మేము వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్ళం. బావ పొద్దున్నే హిందూపురంలో రైలెక్కి ధర్మవరం పోయి చీరలు ఫోటోలు తీసేవాడు, అంగడివాళ్ళతో మాట్లాడేవాడు, సాయంత్రం ప్యాసింజర్‌కు తిరిగొచ్చేవాడు. నేను ఇంట్లో కూర్చుని ఆ ఫోటోలను పేజీల్లో పేర్చేదాన్ని. చీర ఫోటోలతో ఒకటే తంటా. జరీ పోగు పోగూ కనబడాలని అంగడివాళ్ళు పట్టుబడతారు. అట్లా కనబడాలంటే ఫోటో బరువెక్కుతుంది. బరువైన ఫోటోలు పదిపన్నెండు పెడితే పేజీ కదలదు. బెంగళూరులో ఉన్న ఆడమనిషి తెల్లతెరను ఎంతసేపు చూస్తుంది? మూసేసి ఇంకో అంగడికి పోతుంది.

అందుకే పేజీ వేగం కొలిచే యాడ్-ఆన్లు మాకు రోజువారీ పనిముట్లు. బ్రౌజర్‌కు తగిలించుకుంటే చాలు, మొదటి అక్షరం ఎప్పుడు కనబడిందో, అంతా ఎప్పుడు వచ్చేసిందో, మధ్యలో ఏ బొమ్మ అడ్డం కూర్చుందో గీతలు గీసి చూపిస్తాయి. చివర్లో ఒక గుండ్రని గుర్తు వస్తుంది. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రగా ఉంటే నడ్డి విరిగినట్టు. బావ ఒకసారి ఆ ఎర్ర గుండ్రాన్ని ధర్మవరంలో ఒక పెద్ద అంగడి యజమానికి చూపించి ఫోటోలు తగ్గిద్దామన్నాడట. ఆయన అద్దాలు పెట్టుకుని తీరిగ్గా చూసి, "ఎర్రగా ఉంటే ఏమబ్బా? మంచిదే కదా. మా పెళ్ళిచీర గూడా ఎర్రదే" అన్నాడట. ఆ సాయంత్రం బావ ఇంటికొచ్చి కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక లాప్‌టాప్ ముందర కూర్చున్నాడు. అంకెలూ రంగులూ అర్థం కాని మనిషికి రైలు ఎందుకు అర్థం కాదన్నాడు. అట్లా పుట్టింది ఆ ఇంజను బొమ్మ.

అంగడి యజమానికి అది ఎంత నచ్చిందంటే, ఫోన్ చేసి మరీ అడిగేవాడు. "ఏమప్పా, మన పేజీ ఇంగా పెనుకొండకాడే నిలబడి ఉండాది. రెండు ఫోటోలు దించేయ్."

అయితే ఆ మాటలు అంగడివాళ్ళ కోసం కల్పించినవి కావు. అవి నా మాటలు. అంటే నాకు చెప్పే మాటలు. బావ రోజూ సాయంత్రం ఫోన్ చేసి "పెనుకొండ దాటినా మే" అనేవాడు. అది పచ్చి అబద్ధం. ఆ మాట అనేటప్పటికి ఆయన ధర్మవరం స్టేషన్ బయట టీ తాగుతూనో, ఎవరి అంగట్లోనో చీర మడత విప్పిస్తూనో ఉండేవాడు. వెనకాల ధర్మవరం ఆటోల హారన్లు నాకు వినబడుతూనే ఉండేవి. నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే మా ఇంట్లో రాత్రిపూట రాగిముద్ద. ముద్ద వేడిమీద తింటేనే ముద్ద, చల్లారితే గోడకు కొట్టినా అంటదు. మనిషి ఎప్పుడొస్తాడో తెలియకుండా ఎసరు ఎట్లా పెట్టాలి? పెళ్ళైన కొత్తలో పెనుకొండ మాట నమ్మి ముద్ద కెలికిపెట్టి, రెండుమూడుసార్లు ఎదురింటి అక్క వాళ్ళ గేదెకు వేసొచ్చాను. ఆ తర్వాత ఒక లెక్క కుదిరింది. "పెనుకొండ దాటినా" అంటే ఇంకా బయల్దేరలేదని. హిందూపురం స్టేషన్‌లో దిగి "వచ్చినా, తలుపు తీ" అన్నాడంటే అది మాత్రం నిజం. ఆ మాట విన్నాకే ఎసరు పెట్టేదాన్ని.

ఎదురింటి అక్క జాకెట్లు కుడుతుంది. ఆమె మిషన్ కిటికీ పక్కనే. సాయంత్రమైతే నేను వాకిట్లోకీ లోపలికీ తిరగడం ఆమెకు రోజూ కనబడేది. "ఎవరికోసరం చూస్తాండావమ్మా, మొగుడికోసరమేనా? పెనుకొండ దాటినాడంటనా?" అని అరిచి ఎగతాళి చేసేది. వీధంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, కోపం దాచుకుని.

యాడ్-ఆన్‌లోనూ ఆయన అదే పని చేశాడని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు వేగం కొలిచే అసలు యాడ్-ఆన్‌ను, బావ ఇంజనునూ పక్కపక్కన పెట్టి ఒకే పేజీ తెరిచాను. అసలుదాని గీతల ప్రకారం ఇంకా మొదటి ముక్క కూడా రాలేదు. ఇంజను మాత్రం అప్పటికే పెనుకొండ దాటేసింది. అంటే అది కొలవడం లేదు. అడగ్గానే ఒక రెప్పపాటు ఆగి ఆ మాట అనేస్తోంది, అంతే. నాకు తిక్కరేగింది.

"జనాలకు గూడా అబద్ధమేనా బావా?" అన్నాను.

ఆయన స్నానం చేసి తల తుడుచుకుంటూ ఉన్నాడు. తువ్వాలు తీయకుండానే చెప్పాడు. "దోవలో ఉండాదంటే మనిషి ఇంగా రోంతసేపు కూచుంటాడు మే. ఏమీ చెప్పకుండా ఉంటే లేసిపోతాడు. పేజీ బిరీన తెచ్చేది ఒక పని. దానికోసరం కూచున్న మనిషికి ధైర్యం చెప్పేది ఇంకో పని. రెండోది ఎవురూ కొలవరు."

"నాకు చెప్పేది గూడా ధైర్యమేనా?"

"మరేంది? ఇంగా ధర్మవరంలోనే ఉండానంటే నువ్వు వాకిలికాడ నిలబడి నన్ను తిడతా ఉంటావు. పెనుకొండ అంటే లోపలికి పోయి నీ పని నువ్వు చూసుకుంటావు."

"మరి హిందూపురం వచ్చినా అనేది?"

ఆయన తువ్వాలు తీసి నా వైపు చూశాడు. "అది మాత్రం ఉత్తుత్తగా అనకూడదు. కడపటి ఫోటో గూడా వచ్చినాకే ఆ మాట. అట్లనే రాసినా, చూసుకో."

చూశాను. నిజమే. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఆయన ఇంజను, అసలు యాడ్-ఆన్ ఎప్పుడూ ఒకే క్షణంలో కలిసేవి.

ఆ రోజు కూడా ఫోన్ వచ్చింది. వానాకాలం, సందెవేళ. "పెనుకొండ దాటినా మే."

"దాటినావులే. ధర్మవరంలో ఇంకో టీ తాగి నిదానంగా రా" అన్నాను.

ఆయన నవ్వాడు. ఫోన్ పెట్టేశాడు. నేను లోపలికొచ్చి పని చేసుకున్నాను. నేనేదో తప్పు చేశానని చెప్పడం లేదు. ఆ మాటకు రోజూ ఆ జవాబే.

కొంతసేపటికి ఆయన నంబరు నుంచే మళ్ళీ ఫోన్. గొంతు వేరే. రైల్వే మనిషినన్నాడు. "అమ్మా, మీ ఆయన పెనుకొండ స్టేషన్లో ఉండారు. ఒంట్లో బాగలేదు. రైల్లోంచి దించినాము. బిరీన రండి."

నేనేమన్నానో ఆ మాట మాటా గుర్తుంది. "పెనుకొండలో యాడుంటాడు సార్? ధర్మవరంలోనే ఉంటాడు. వేరే ఎవరో అయ్యుంటారు, సరింగా చూడండి" అన్నాను. అతను మళ్ళీ చెప్పాడు. నేను మళ్ళీ వాదించాను. ఆయన సంగతి నాకు తెలియదా, ఈ పొద్దుకు ఆయన ఎప్పుడూ పెనుకొండకు రాడు అన్నాను. చివరికి అతను ఓపిగ్గా, "అమ్మా, ఈ ఫోన్ ఆయన జేబులోదే" అన్నాడు. ఫోన్ చెవిదగ్గర పెట్టుకునే ఎదురింటికి పోయాను. ఎదురింటి అక్కే ఆటో పిలిచి నాతోపాటు ఎక్కింది. మేము పెనుకొండ చేరేసరికి అయిపోయింది.

రైల్లో ఆయన పక్కన కూర్చుని వచ్చినాయన ఒకరు మేము వచ్చేదాకా అక్కడే ఉండి, పెనుకొండకు ముందు స్టేషన్ల నుంచే ఈయన ఎద పట్టుకుని కూర్చున్నాడని చెప్పాడు. ఫోన్‌లో మాట్లాడడం చూశాడా అని అడిగాను. చూశానన్నాడు. నొప్పి రాకముందా, వచ్చాకా అంటే ఆయనకు గుర్తులేదు. రైలు ఆ రోజు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో ఎవరికీ గుర్తులేదు. రెప్పపాటును ముక్కలు చేసి కొలిచే పని నాది. ఆ ఒక్క మాట ముందో, ఆ నొప్పి ముందో మాత్రం ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. నేను వాకిట్లో నిలబడకూడదని ఎద పట్టుకుని ఆ మాట అన్నాడేమో.

తర్వాత పని నేనే చూసుకోవలసి వచ్చింది. లాప్‌టాప్ తెరిస్తే ఆయనే ఎదురొచ్చేవాడు. కరెంటు బిల్లు పేజీ తెరిచినా, గ్యాస్ బుక్ చేసినా, పట్టీ దిగి "ధర్మవరంలో ఎక్కినా" అనేది. మరణ ధ్రువీకరణ పత్రం కోసం కూడా అదే లాప్‌టాప్ తెరిచాను. ఆ రోజు వాన పడుతోంది, మా నెట్ అంతంతమాత్రం. పేజీ రాలేదు. తెల్లతెర మీద ఆయన "పెనుకొండ దాటినా" అంటూ నిలబడ్డాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి పేజీ వచ్చింది. చనిపోయిన వ్యక్తి పేరు అని ఖాళీ గడి, దానిపైన మూలలో "హిందూపురం వచ్చినా, తలుపు తీ". ఆ గడి నింపలేక లాప్‌టాప్ మూసేశాను. తర్వాతెప్పుడో బజారులో ఇంటర్నెట్ అంగడికి పోయి నింపించాను.

భయం వేసేదా అని అక్క అడిగింది. వేసేది. అయినా తీసేయాలనిపించలేదు. కావాలనే ఒక్కోసారి బరువైన చీరల పేజీ తెరిచి, ఆయన ఆలస్యంగా వస్తుంటే చూస్తూ కూర్చునేదాన్ని. చిన్నగా తిట్టుకునేదాన్ని కూడా.

అట్లా ఉండగా బ్రౌజర్‌లో పసుప్పచ్చని నోటీసు ఒకటి రావడం మొదలైంది. పాత పద్ధతిలో రాసిన యాడ్-ఆన్లు ఇక ముందు పనిచేయవట. కింద పట్టికలో రైలింజను బొమ్మ. బావ స్నేహితుడు ఒకాయన పరిగిలో ఉంటాడు, బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాడు. ఆయన్ను అడిగాను.

"దాందేముంది వదినా, కొత్త పద్ధతిలో మళ్ళా రాసిస్తా. ఒక పూట పని" అన్నాడు. అన్నట్టే పంపించాడు. అదే ఇంజను, అవే మాటలు. నా లాప్‌టాప్‌లో వేసుకుని చీరల పేజీ తెరిచాను. ధర్మవరంలో ఎక్కింది. ఎక్కి, అక్కడే ఉంది. సగం ఫోటోలు వచ్చాక, సరిగ్గా సగం దగ్గర, "పెనుకొండ దాటినా" అంది. వెంటనే ఫోన్ చేశాను.

"అన్న రాసిన దాంట్లో రోంత తప్పుండె వదినా. పేజీ రాకముందే పెనుకొండ అంటాండె. సరిచేసినా" అన్నాడు.

ఆ మనిషి ప్రేమతోనే చేశాడు. అయితే మా బావ జన్మలో అంత నిజాయితీగా ఇంటికి రాలేదు. పాత తప్పునే మళ్ళీ పెట్టమని అడగొచ్చు, ఆయన కాదనడు. కానీ ఇట్లా అబద్ధం చెప్పు అని ఇంకొకరికి చెప్పి చెప్పించుకుంటే అది బావ అబద్ధం ఎట్లా అవుతుంది? చాలా బాగుందని చెప్పి, ఫోన్ పెట్టేసి, దాన్ని తీసేశాను.

ఆ సాయంత్రమే పాత లాప్‌టాప్‌కు నెట్ తీసేశాను. నెట్ లేకపోతే బ్రౌజర్ కొత్తది కాలేదు, కొత్తది కాకపోతే ఇంజను పోదు. పని కోసం ఇంకో లాప్‌టాప్ కొనుక్కుని, పాతదాన్ని బియ్యం డబ్బాల పక్కన అలమరలో పెట్టాను.

కొన్నాళ్ళకు ఉండబట్టలేక తెరిచాను. నెట్ లేదని తెలిసీ చీరల పేజీ అడ్రసు కొట్టాను. "ధర్మవరంలో ఎక్కినా." "పెనుకొండ దాటినా." తెరమీద నెట్ లేదన్న బొమ్మ వచ్చింది. మూలలో పట్టీ అట్లాగే ఉండిపోయింది. రాని పేజీకి ఏం చెప్పాలో బావ రాయలేదు. వస్తుందన్న నమ్మకం మీదే మొత్తం రాశాడు. దీపాలు పెట్టే వేళ నుంచి వంట వేళ దాకా చూశాను, ఆ మాట మారలేదు. మారదని నాకూ తెలుసు. నెట్ పెడితే ఈయన ఉండడు, పెట్టకపోతే ఇల్లు చేరడు. మూత వేసి అలమరలో పెట్టాను. ఆ రాత్రి ముద్ద చేసుకోలేదు.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు అంతే. పగలు పనిలో బాగానే ఉండేదాన్ని. పొద్దుగూకితే అలమర వైపు చూపు పోయేది. లోపల, మూసిన మూత కింద, ఆయన పెనుకొండ దగ్గరే నిలబడి ఉన్నాడనిపించేది. నేనే నిలబెట్టాననిపించేది.

మొన్నామధ్య ఒక ఉదయం ధర్మవరం పోవలసిన పని పడింది. ఎర్ర గుండ్రం మంచిదన్న ఆ అంగడి యజమాని కొత్త చీరల ఫోటోలు తీయమని పిలిచాడు. హిందూపురం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రైలు రాలేదు. ఫోన్ మోగింది.

"ఏమ్మా, యాడ ఉండావు? చీరలన్నీ తీసి పరిపిచ్చినాము" అన్నాడు ఆ పెద్దాయన.

"పెనుకొండ దాటినా" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. గొంతు తొణకలేదు. "సరేమ్మా, నిదానంగా రా" అని ఆయన స్థిమితంగా ఫోన్ పెట్టేశాడు. నా ఎదురుగా హిందూపురం అని పసుపు బోర్డు. ఫోన్ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ మాట ఎంత సులువుగా వస్తుందో నాకు అప్పుడు తెలిసింది. నొప్పి ఉన్నా, లేకున్నా, అది అదే గొంతుతో వస్తుంది. అవతల కూర్చున్న మనిషి కాస్త నెమ్మదిగా ఉంటే చాలు అనుకుంటే వచ్చేస్తుంది. ఇన్నాళ్ళూ ఆ చివరి ఫోన్‌లో ఆయన నవ్విన నవ్వులో ఏదో వెతికాను. వెతికితే దొరికేది కాదు. ఆయన దొరకనివ్వడు కూడా.

రైల్లో పోతుంటే పెనుకొండ వచ్చింది. ఎప్పుడూ ఆ స్టేషన్ దగ్గర కళ్ళు మూసుకునేదాన్ని. ఆ రోజు తెరుచుకునే ఉన్నాను. సిమెంటు బెంచీ మీద ఎవరో ముసలామె మరమరాలు తింటూ కూర్చుని ఉంది. రైలు కదిలింది.

సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుని, అలమరలోంచి లాప్‌టాప్ తీసి బల్లమీద పెట్టాను. ఫోన్‌లోంచి నెట్ ఇచ్చాను. బావ చివరిగా ఫోటోలు తీసిన చీరల పేజీ తెరిచాను. ఆ ఫోటోలను నేను ఎప్పుడూ తేలిక చేయలేదు, తీసినవి తీసినట్టే ఉన్నాయి. "ధర్మవరంలో ఎక్కినా." ఆ వెంటనే, ఎప్పటిలాగే సిగ్గులేకుండా, "పెనుకొండ దాటినా." ఒక్కో చీరే పైనుంచి కిందికి దిగసాగింది. మామిడిపిందెల అంచు. నెమలికంఠం రంగు. ఒకదాని పక్కన బావ వేలి నీడ పడింది, అది అప్పట్లోనే తీసేయమన్నాను, తీయలేదు. కడపటి ఫోటో సగంలో ఆగింది. నాకు ఏడుపొచ్చింది. రా బావా, అన్నాను పైకే. ఇక చాలు, రా.

"హిందూపురం వచ్చినా, తలుపు తీ."

ఎంతసేపు చదువుకున్నానో తెలియదు. బ్రౌజర్ తనను తాను కొత్తది చేసుకుంది. ఒకసారి మూసుకుని తెరుచుకుంది. మూలలో ఇంజను ఉండే చోటు ఖాళీ.

లేచి పోయి వీధి తలుపు తీశాను. రెండు రెక్కలూ తీసి పక్కకు నిలబడ్డాను. ఎదురింటి కిటికీలో మిషన్ ఆగింది.

"ఎవరికోసరం చూస్తాండావమ్మా?" అంది అక్క. చాన్నాళ్ళ తర్వాత అడిగింది ఆ మాట. నోరు జారినట్టు వెంటనే నాలిక కరుచుకుంది.

"చూడ్డంలేదక్కా. వచ్చేసినాడు" అన్నాను. లోపలికొచ్చి ముద్దకు ఎసరు పెట్టాను.